దొంగిలించిన కాగితం అబద్ధం చెబుతుందా?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగిని. 2012 మే నెలలో అగ్వేరో చివరి క్షణంలో కొట్టిన గోలు చూసిన నాటి నుంచి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ సిటీకి అభిమానిని. మిత్రులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఆటతో పాటు యుద్ధాల గురించీ, సైనిక రహస్యాల లీకుల గురించీ వాదించుకుంటాం. లెక్కల్లో మోసం చేసిందంటూ సిటీ మీద ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ మోపిన అభియోగాలు దొంగిలించిన ఈమెయిళ్ల నుంచి పుట్టినవి కాబట్టి వాటిని కొట్టివేయాలని నేనంటాను. అమెరికా సైన్యపు రహస్యాలు బయటపెట్టిన చెల్సీ మానింగ్ చేసింది మంచి పనే అని కూడా అంటాను. మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని అయిన నా మిత్రుడు ‘నీది రెండు నాల్కల ధోరణి’ అంటున్నాడు. నౌకాదళంలో పనిచేసే మా బావగారు లీకు ఏదైనా ద్రోహమేనంటారు. ఈ మధ్య గ్రూపులో ఒకరు యుద్ధనౌక ఫోటో పెట్టి, ‘ఫలానా రోజు బయల్దేరుతుందట’ అని రాశారు. దాన్ని అలాగే మరో రెండు గ్రూపులకు పంపాను. అది తెలిసిన దగ్గర నుంచి బావగారు నాతో మాట్లాడటం లేదు. నా అభిప్రాయాలు తప్పా? అభియోగాలు రుజువైతే ఇన్నేళ్లుగా నేను సంబరపడిన కప్పులకు విలువ లేనట్టేనా? బావగారికి ఏమని చెప్పుకోవాలి?

సమాధానం: మీ మిత్రుడు వేలు పెట్టి చూపిన చోట తప్పు నిజంగానే ఉంది. అయితే అది ఆయన అనుకుంటున్న తప్పు కాదు. సిటీ మీద అభియోగాలు నిలవవని వాదించడంలో దోషం లేదు, మానింగ్‌ను సమర్థించడంలోనూ దోషం లేదు. ఈ రెండు అభిప్రాయాలనూ ఒకే మనిషి నిజాయతీగా పెట్టుకోవచ్చు. చిక్కంతా మొదటిదానికి మీరు చెబుతున్న కారణం వల్ల వచ్చింది. దొంగిలించిన కాగితం కాబట్టి చెల్లదని ఒకచోట అన్నవారు, సైనిక కంప్యూటర్ల నుంచి అనుమతి లేకుండా నకలు తీసి బయటికి తెచ్చిన కాగితాలను మరోచోట తలకెత్తుకుంటే, వినేవారికి ఈ రెండింటి మధ్య కనిపించే తేడా ఒక్కటే: మొదటివి మీ క్లబ్బువి, రెండోవి పరాయి దేశపు సైన్యానివి.

ముందుగా ఆ ఈమెయిళ్ల సంగతి చూద్దాం. పోర్చుగల్‌కు చెందిన రుయ్ పింటో అనే యువకుడు 2015 నుంచి ‘ఫుట్‌బాల్ లీక్స్’ పేరుతో క్లబ్బుల, ఏజెంట్ల రహస్య పత్రాలను బయటపెట్టడం మొదలుపెట్టాడు. అతని దగ్గర పోగైన పత్రాల ఆధారంగా జర్మన్ వారపత్రిక ‘డెర్ స్పీగల్’ 2018 నవంబరులో సిటీ గురించి వరుస కథనాలు ప్రచురించింది. వాటి సారాంశం ఏమిటంటే, ఎతిహాద్ విమానయాన సంస్థ ప్రాయోజక ధనంగా ఇస్తున్నట్టు లెక్కల్లో చూపిన సొమ్ములో అధిక భాగం నిజానికి క్లబ్బు యజమాని షేక్ మన్సూర్ కంపెనీ నుంచే వచ్చిందని. ఒక సీజన్‌లో 6 కోట్ల 75 లక్షల పౌండ్ల ఒప్పందంలో ఎతిహాద్ నేరుగా భరించింది 80 లక్షల పౌండ్లేనని ఆ ఈమెయిళ్లలో ఒకటి చెప్పింది. యజమాని తన జేబులో నుంచి ఎంతైనా పోయవచ్చునంటే ఇందులో నేరమేమీ లేదు. కానీ క్లబ్బు సంపాదించినదానికి మించి ఖర్చు పెట్టకూడదన్న ఐరోపా నిబంధన ఒకటి ఉన్నందువల్ల, యజమాని సొమ్మును సంపాదనగా చూపించడం మోసం కిందకు వస్తుంది. కథనాలు వచ్చిన రోజున క్లబ్బు ఇచ్చిన జవాబు ఇంచుమించు మీరు ఇస్తున్న జవాబే: ఇవి హ్యాకింగ్ చేసి దొంగిలించినట్టు కనిపిస్తున్న పత్రాలు, సందర్భం నుంచి తెంచి చూపుతున్నారు, వీటి మీద మేం మాట్లాడం.

కానీ ఆ జవాబు అక్కడితో ఆగింది. 2020 ఫిబ్రవరిలో ఐరోపా ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఈఎఫ్‌ఏ తన పోటీల నుంచి రెండేళ్ల నిషేధం, 3 కోట్ల యూరోల జరిమానా విధించినప్పుడు క్లబ్బు స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. అక్కడ ఆ ఈమెయిళ్ల అసలు ప్రతులను క్లబ్బే సమర్పించింది. వాటిని సాక్ష్యంగా స్వీకరించవచ్చని న్యాయస్థానం తేల్చింది. అదే సమయంలో, పత్రికలో ఒకే ఈమెయిల్‌గా వచ్చినవాటిలో ఒకటి నిజానికి రెండు వేర్వేరు ఈమెయిళ్లను కలిపి కుట్టినదని కూడా బయటపడింది. చివరికి 2020 జులైలో నిషేధం రద్దయింది. ఆరోపణల్లో కొన్ని రుజువు కాలేదని, మరికొన్నింటికి కాలదోషం పట్టిందని మెజారిటీ తీర్పు చెప్పింది. విచారణకు సహకరించనందుకు మాత్రం కోటి యూరోల జరిమానా మిగిలింది. ఈ తీర్పును మీరెప్పుడైనా చివరిదాకా చదివి ఉంటే మీ వాదన మారేది. మీ క్లబ్బు గెలిచింది కాగితం దొంగదన్న మాట మీద కాదు, కాగితంలో ఉన్నది అవతలివాళ్లు అనుకున్నంతగా రుజువు కాలేదన్న మాట మీద, గడువు దాటిందన్న మాట మీద. న్యాయస్థానంలో నిలవని బలహీనమైన వాదనను అభిమాని ఎందుకు భుజాన వేసుకోవాలో నాకు అర్థం కాదు. ప్రీమియర్ లీగ్ 2023 ఫిబ్రవరి 6న మోపిన వందకు పైగా అభియోగాల విషయంలోనూ, వాటి మీద 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా స్వతంత్ర సంఘం ముందు సాగిన విచారణ విషయంలోనూ, మీరు అడగవలసిన ప్రశ్న ఇదే: కాగితంలో ఉన్నది జరిగిందా, జరగలేదా?

పింటో మంచివాడా, చెడ్డవాడా అన్నది వేరే ప్రశ్న. 2019 జనవరిలో బుడాపెస్ట్‌లో పట్టుబడిన ఆయనకు లిస్బన్ కోర్టు 2023 సెప్టెంబరులో నాలుగేళ్ల శిక్ష వేసి, దాని అమలును నిలిపి ఉంచింది. రుజువైన నేరాల్లో ఒక క్రీడా పెట్టుబడి సంస్థ నుంచి డబ్బు గుంజేందుకు చేసిన ప్రయత్నం కూడా ఉంది. అంటే ఆయనను వీరుడిగా పూజించేవారికి సమాధానం చెప్పుకోవలసిన అవసరం ఉంది. మరోవైపు, అంగోలా మాజీ అధ్యక్షుడి కుమార్తె ఇజబెల్ దొస్ సాంతోస్ సంపద గురించి 2020 జనవరిలో ప్రపంచానికి తెలిపిన పత్రాలు కూడా ఆయన చేతి నుంచే వచ్చాయి. మనిషి నడవడికి ఒక లెక్క, అతను తెచ్చిన కాగితానికి మరో లెక్క వేసుకోవడం అలవాటు చేసుకుంటే ఇలాంటి వాదనలు సగం తగ్గుతాయి.

ఇక మానింగ్ విషయానికి వస్తాను, ఎందుకంటే మీ బావగారి కోపానికి మూలం ఇక్కడే ఉంది. 2010లో ఇరాక్‌లో అమెరికా సైన్యపు సమాచార విశ్లేషకురాలిగా ఉండగా ఆమె, రహస్య పత్రాలను ప్రచురించే వెబ్‌సైట్ వికీలీక్స్‌కు అందించినవాటిలో ఒక వీడియో ఉంది. 2007 జులై 12న బాగ్దాద్ వీధిలో అపాచీ హెలికాప్టర్ కొందరి మీద కాల్పులు జరపడం, గాయపడినవారిని ఎత్తుకుపోవడానికి వచ్చిన వ్యాన్ మీద మళ్లీ కాల్చడం, ఆ వ్యాన్‌లో ఇద్దరు పిల్లలు ఉన్నట్టు తర్వాత తేలడం అందులో కనిపిస్తాయి. చనిపోయినవారిలో ఇద్దరు రాయిటర్స్ వార్తాసంస్థ ఉద్యోగులు. ఆ వీడియో ఇవ్వమని రాయిటర్స్ సమాచార చట్టం కింద అడిగినా సైన్యం ఇవ్వలేదు. అందువల్ల ఆ వీడియో బయటికి రావడాన్ని మీరు సమర్థిస్తే నేనూ మీ పక్కనే నిలబడతాను. కానీ అదే చేతి నుంచి అదే సంవత్సరం వచ్చిన అఫ్గాన్ యుద్ధ నివేదికల సంగతేమిటి? వాటిలో డెబ్బై వేలకు పైగా పత్రాలను జులైలో వికీలీక్స్ ప్రచురించినప్పుడు, అమెరికా బలగాలకు సమాచారం ఇచ్చిన మామూలు అఫ్గాన్ పౌరుల పేర్లు వాటిలో కొన్నింట అలాగే ఉండిపోయాయి. ఒక పల్లెటూరి మనిషి తన ఊరి చుట్టూ పాతిన బాంబుల గురించి ఎవరికో చెబితే, అతని పేరు ఇంటర్నెట్‌కెక్కింది. దీనివల్ల ఫలానావాడు హతుడయ్యాడని మానింగ్ విచారణలో అమెరికా సేనాధికారి చూపలేకపోయారన్నది నిజం. ఆమె శత్రువుకు సహాయం చేసిందన్న అభియోగం నుంచి సైనిక న్యాయస్థానం విముక్తి కలిగించిందన్నదీ నిజం. మిగతా నేరాలకు పడిన 35 ఏళ్ల శిక్షను తర్వాత అధ్యక్షుడు ఒబామా తగ్గించారు, 2017 మేలో ఆమె విడుదలయ్యారు. అయినా ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టం. పేర్లు చెరిపేసి ఇవ్వడం జాగ్రత్త. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

జాగ్రత్త అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి పాత ఉదాహరణే మేలు. వియత్నాం యుద్ధం గురించి అమెరికా ప్రభుత్వం తన కోసం తాను రాయించుకున్న దాదాపు ఏడు వేల పేజీల రహస్య చరిత్రను డానియల్ ఎల్స్‌బర్గ్ నకలు తీసి 1971లో పత్రికలకు ఇచ్చారు. గెలవలేమని లోపల తెలిసి కూడా బయట ప్రజలకు వేరే మాట చెబుతూ వచ్చిన తీరు అందులో ఉంది. అయితే ఆ చరిత్రలో శాంతి చర్చలకు సంబంధించిన నాలుగు సంపుటాలను మాత్రం ఆయన పత్రికలకు ఇవ్వలేదు. అవి బయటపడితే అప్పటికింకా సాగుతున్న రాయబారాలు చెడిపోతాయని భావించారు. అంత కాగితం చేతిలో ఉండి కొంత దాచుకున్న మనిషికీ, ఉన్నదంతా గుప్పించేవారికీ తేడా ఉంది. మీరు గ్రూపులో ఎవరినైనా సమర్థించే ముందు ఆ మనిషి ఏమేం ఇవ్వకుండా ఆపుకున్నాడో వెతకండి. మీకు దొరికే జవాబు చాలాసార్లు మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది.

‘లీకు ఏదైనా ద్రోహమే’ అన్న మీ బావగారి మాట కూడా పూర్తిగా నిలబడదు. దాని బలమెంతో, బలహీనత ఎంతో ఒకే సంఘటన చూపిస్తుంది. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ రక్షణశాఖలో ఒక ఉద్యోగి, సుమారు 150 మంది వివరాలున్నాయనుకుని ఒక పట్టికను ఈమెయిల్‌లో పంపించాడు. దానిలో నిజానికి దాదాపు 33 వేల వరుసలున్నాయి. బ్రిటిష్ బలగాలకు సహకరించి, తాలిబన్ల నుంచి తప్పించుకోవడానికి ఆశ్రయం కోరిన దాదాపు 19 వేల మంది అఫ్గాన్ల దరఖాస్తుల వివరాలవి. ఇందులో గూఢచారి లేడు, విప్లవకారుడూ లేడు, ద్రోహం చేయాలన్న తలంపూ లేదు. 2023 ఆగస్టులో ఆ పట్టికలోని కొంత భాగం ఫేస్‌బుక్‌లో కనిపించేదాకా ప్రభుత్వానికి ఈ సంగతే తెలియదు. ఇలాంటి లీకు విషయంలో మీ బావగారి భయం అక్షరాలా సరైనది: ఒక్క పట్టిక వేల కుటుంబాలను వేటగాళ్ల ముందు నిలబెట్టగలదు. కానీ ఆ తర్వాత జరిగింది కూడా ఆయన వినాలి. 2023 సెప్టెంబరులో హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఎలాంటిదంటే, పట్టిక గురించే కాదు, ఉత్తర్వు ఉందన్న సంగతి కూడా ఎవరూ చెప్పకూడదు. బాధితులను రహస్యంగా తరలించే పథకం మొదలైంది, దాని ఖర్చు పెరిగింది, మధ్యలో ఒక సాధారణ ఎన్నిక కూడా జరిగిపోయింది, పార్లమెంటులో మాత్రం దీని మీద చర్చ లేదు. 2025 జులై 15న ఉత్తర్వు ఎత్తేసినప్పుడు గానీ ప్రజలకు తెలియలేదు. ప్రాణాలు కాపాడటానికి కప్పిన ముసుగే తప్పు చేసినవారి పరువును కూడా కాపాడింది. అలాంటి చోట నోరు విప్పేవాడిని ద్రోహి అనడం కష్టం.

మీ గ్రూపుకు దగ్గరి సంబంధం ఉన్న లీకు మరొకటి ఉంది. జాక్ టెషేరా అనే 21 ఏళ్ల అమెరికా వైమానిక జాతీయ గార్డు ఉద్యోగి, యుక్రెయిన్ యుద్ధానికి సంబంధించిన అతిరహస్య పత్రాలను డిస్కార్డ్ అనే చాట్ వేదికలో తన చిన్న మిత్రబృందానికి చూపిస్తూ వచ్చాడు. ఆ బృందాన్ని కలిపింది తుపాకులు, వీడియో గేములు. అతను అన్యాయాన్ని బయటపెట్టాలనుకోలేదు, డబ్బు కోసమూ చేయలేదు. తనకు తెలిసినంత మరెవరికీ తెలియదని మిత్రుల ముందు నిరూపించుకోవాలన్న ఉబలాటం తప్ప మరో కారణం కనిపించదు. 2023 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు, 2024 నవంబరులో 15 ఏళ్ల జైలుశిక్ష పడింది. ‘వార్ థండర్’ అనే ట్యాంకుల ఆటలో కూడా ఇలాగే జరిగింది. 2021లో ఒక ఆటగాడు, ఆటలోని ఛాలెంజర్-2 ట్యాంకు అసలుదానిలా లేదని వాదించి నెగ్గడం కోసం బ్రిటిష్ సైన్యపు పత్రం నుంచి పేజీలు తీసుకొచ్చి పెట్టాడు. వాదనలో ఓడిపోకూడదన్న పంతం మనిషిని ఎంత దూరం తీసుకెళుతుందో చూడండి.

టెషేరా పత్రాల్లో ఒక కాగితం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది యుద్ధరంగం పటం, మూలన రెండు పక్షాల మృతుల అంచనాలు. అసలు కాగితంలో రష్యా వైపు మృతులు 35,500 నుంచి 43,000 అని, యుక్రెయిన్ వైపు 16,000 నుంచి 17,500 అని ఉంది. అదే పటం టెలిగ్రామ్‌లో తిరిగే వేళకు ఎవరో అంకెలు మార్చేశారు. రష్యా మృతుల చోట 16,000 నుంచి 17,500 కనిపించింది, యుక్రెయిన్ మృతుల సంఖ్య 61 వేలు దాటిపోయింది. మిగతా కాగితమంతా అసలుదే. ఆ మార్చిన కాగితాన్ని నిజమనుకుని చూసినవారు ఉన్నారు. ఆటగాళ్ల బదిలీల కాలంలో ‘ఒప్పందం కుదిరింది, వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది’ అంటూ వచ్చే తప్పుడు సందేశాలను నవ్వుతూ పట్టేసే మీ గ్రూపువారు, యుద్ధం గురించి వచ్చిన పటాన్ని అంత అనుమానంగా చూశారా అన్నది మీరే ఆలోచించుకోండి. ఆటలో మోసపోతే ఒక సాయంత్రం పోతుంది. యుద్ధం గురించిన అబద్ధం మీ చేతి మీదుగా ఇంకెందరికి చేరుతుందో మీకు తెలియదు.

క్లబ్బు మీద ఉన్న ప్రేమ మన తీర్పును ఎలా వంచుతుందనడానికి 2022 మార్చి 5న బర్న్‌లీ మైదానంలో జరిగినది చాలు. రష్యా దండయాత్ర మొదలై పది రోజులు. ఆటకు ముందు యుక్రెయిన్‌కు సంఘీభావంగా అందరూ చప్పట్లు కొడుతుండగా, చెల్సీ క్లబ్బు అభిమానుల్లో కొందరు తమ యజమాని, రష్యా కుబేరుడు రోమన్ అబ్రమోవిచ్ పేరును నినదించారు. వాళ్లకు యుద్ధం ఇష్టమని కాదు. ఆయన డబ్బుతో వచ్చిన కప్పులు వాళ్లకు కళ్లకు కట్టి ఉన్నాయి. ఇది ఆ సమయం కాదని వారి కోచ్ తోమస్ టుహెల్ ఆ రోజే చెప్పవలసి వచ్చింది. మరో అయిదు రోజులకు బ్రిటన్ ప్రభుత్వం అబ్రమోవిచ్ ఆస్తులను స్తంభింపజేసింది. మీ యునైటెడ్ మిత్రుడు కూడా ఈ జబ్బుకు అతీతుడు కాడని నా అనుమానం. సిటీ ఈమెయిళ్లను పవిత్ర గ్రంథంలా చదివే ఆయన, రేపు తన క్లబ్బు లెక్కలు ఇలాగే బయటపడితే హ్యాకర్ల నైతికత గురించి మొదట మాట్లాడేది ఆయనే కావచ్చు.

అయినా ఆయన మాటల్లోని చురుకును వట్టి ఈర్ష్యగా కొట్టిపారేయకండి. మీరు అభిమాని అయిన రోజునే తీసుకుందాం. 2012 మే 13న సండర్లాండ్‌లో యునైటెడ్ తన మ్యాచ్‌ను 1-0తో ముగించి, మైదానంలోనే నిలబడి మాంచెస్టర్ వార్త కోసం ఎదురుచూస్తోంది. అక్కడ క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద సిటీ 90 నిమిషాలు ముగిసేసరికి 1-2తో వెనకబడి ఉంది. అదనపు సమయంలో జెకో ఒక గోలు, ఆ తర్వాత అగ్వేరో మరో గోలు. రెండు జట్లకూ చెరి 89 పాయింట్లు. మొత్తం సీజన్‌లో కొట్టిన, ఇచ్చుకున్న గోల్స్ వ్యత్యాసంలో ఎనిమిది ఎక్కువ ఉన్నందున కప్పు సిటీకి వెళ్లింది. లీగ్ అభియోగాల్లో లెక్కలకు సంబంధించినవి 2009-10 సీజన్ నుంచే మొదలవుతాయి కాబట్టి, ఆ సీజన్ వాటి పరిధిలోకి వస్తుంది. రుజువైతే, ఆ సాయంత్రం సండర్లాండ్‌లో నిలబడి కప్పు చేజార్చుకున్నవారి మాట మీరు వినక తప్పదు. ఆ గోలు అద్భుతమే, ఎప్పటికీ అద్భుతమే. దాన్ని కొట్టిన మనిషి ఎవరినీ మోసం చేయలేదు. కానీ అతన్ని తెచ్చిన సొమ్ము నిబంధనలకు లోబడినదా అన్న ప్రశ్న ఆ గోలు అందంతో చెరిగిపోదు. అభియోగాలు వీగిపోతే మిత్రుడు మీకు క్షమాపణ చెప్పాలి, రుజువైతే మీరు ఆయన ఎత్తిపొడుపులు ఓర్చుకోవాలి. రెండింటికీ సిద్ధపడి ఉండండి.

కప్పుల విలువ గురించి మీ బెంగకు నా జవాబు కొంత కటువుగా ఉంటుంది. మీరు పరిచయం చేసుకున్నది గెలుస్తున్న సిటీని. మీకంటే ముందటి సిటీ అభిమాని వేరే రకం. 1998-99లో ఆ జట్టు ఇంగ్లండ్ మూడో అంచెలో ఆడింది. అప్పుడు కూడా సొంత మైదానం మెయిన్ రోడ్‌కు సగటున దాదాపు 28 వేల మంది వచ్చారు. ఆ ఏడాది మే 30న వెంబ్లీలో గిల్లింగమ్ మీద జరిగిన ప్లేఆఫ్ ఫైనల్లో 89 నిమిషాల దాకా 0-2తో వెనకబడి, కొంతమంది అభిమానులు మెట్లు దిగి వెళ్లిపోతుండగా హార్లాక్, డికోవ్ చెరొక గోలు కొట్టారు. పెనాల్టీలలో సిటీ గెలిచి పై అంచెకు వెళ్లింది. షేక్ మన్సూర్ రావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. ఆ గెలుపు మీద ఏ ఈమెయిలూ మచ్చ పెట్టలేదు. 2024 శరదృతువులో సిటీ ఆటగాడు రోడ్రి మోకాలికి దెబ్బ తగిలిన తర్వాత సిటీ 13 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచిన రోజుల్లోనూ, 2025 మేలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో ఓడిన రోజునా మీరు టీవీ కట్టేయకుండా కూర్చున్నారా? కూర్చుని ఉంటే తీర్పు ఏదైనా మీ అభిమానానికి ఢోకా లేదు. కట్టేసి ఉంటే, బెంగ పడవలసింది కప్పుల విలువ గురించి కాదు.

ఇక ఆ నౌక ఫోటో. విశాఖ సముద్రతీరంలో నడిచే ఎవరికైనా యుద్ధనౌకలు కంటికి కనిపిస్తాయి. ఒక జలాంతర్గామిని ప్రభుత్వమే ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టింది. కాబట్టి దూరం నుంచి కనిపించే నౌక ఫోటో దానంతట అది పెద్ద రహస్యం కాకపోవచ్చు. ఆ ఫోటో కింద రాసిన ‘ఫలానా రోజు బయల్దేరుతుందట’ అన్న ఒక్క వాక్యం మాత్రం వేరే విషయం. అది నిజమైతే సైనిక సమాచారం, అబద్ధమైతే వదంతి. రెండు విధాలా మీరు పంపదగినది కాదు. ఇది లాంఛనంగా చెబుతున్న మాట కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు, కేంద్ర సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి, విశాఖపట్నంతో పాటు ఇతర స్థావరాలలో పనిచేస్తున్న ఏడుగురు నౌకాదళ సిబ్బందిని పాకిస్తాన్‌కు సమాచారం అందించారన్న ఆరోపణపై అరెస్టు చేశారు. సామాజిక మాధ్యమాలలో స్త్రీల పేరుతో పరిచయం పెంచుకుని వారిని వలలో వేసుకున్నారని, అడిగినవాటిలో నౌకల కదలికల వివరాలు ఉన్నాయని అప్పుడు వార్తలు వచ్చాయి. ఆ నెలలోనే నౌకాదళం తన నౌకల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. మీ బావగారు ఫోన్‌ను గేటు దగ్గర వదిలి లోపలికి వెళ్లే మనిషి కావచ్చు. ఆయన ఇంటి మనిషి ఫోన్ నుంచే అలాంటి వాక్యం మరో రెండు గ్రూపులకు వెళ్లిందంటే, రేపు పై అధికారులు ప్రశ్నిస్తే మొదట సంజాయిషీ చెప్పుకోవలసింది మీరు కాదు, ఆయన.

మన దేశంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమలులో ఉంది. రహస్యాన్ని ఇచ్చినవారిని మాత్రమే కాదు, అది రహస్యమని తెలిసి పుచ్చుకున్నవారినీ, మరొకరికి చేరవేసినవారినీ ఆ చట్టం పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత, బలగాల కదలికలను ప్రత్యక్షంగా చూపవద్దని కేంద్ర ప్రభుత్వం వార్తా ఛానెళ్లకు రాతపూర్వకంగా చెప్పింది. ముంబయి దాడులప్పుడు జరిగిన నష్టాన్ని అందులో గుర్తు చేసింది. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఒక ఫోటో ఫార్వర్డ్ చేసినందుకు మీరు నేరస్థులైపోరు. కానీ చేసిన పనిని సరిదిద్దుకోవడానికి ఆలస్యం వద్దు. మీరు పంపిన చోట్ల ‘అందరికీ తొలగించు’ ఎంపికతో తీసేయండి. గడువు దాటి అది వీలుకాకపోతే, ఆ గ్రూపుల నిర్వాహకులకు ఫోన్ చేసి తీయించండి. ‘ఆ ఫోటో ఎందుకు తీయాలంటే’ అని మళ్లీ గ్రూపులో వివరణ పెట్టకండి, దానివల్ల చూడనివారు కూడా చూస్తారు. మొదట పెట్టినవారికి విడిగా చెప్పండి.

బావగారి దగ్గరకు వెళ్లినప్పుడు మానింగ్ గురించి, ఎల్స్‌బర్గ్ గురించి ఎత్తకండి. ఆ వాదన మీ ఇద్దరి మధ్య తర్వాతెప్పుడైనా సాగవచ్చు, బహుశా బాగానే సాగుతుంది, ఎందుకంటే ఆ విషయంలో సగం న్యాయం మీవైపు, సగం ఆయనవైపు ఉంది. ఇప్పుడు ఆయన కోపం ఆ సిద్ధాంతం మీద కాదు. ఫోటో పంపింది తప్పేనని, ఎక్కడెక్కడ నుంచి తీయించారో ఒక్కొక్క గ్రూపు పేరుతో సహా చెప్పండి. ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందేమోనని ఆయన అడిగితే, ఫోన్ ఆయన చేతికే ఇవ్వండి.